పదో తరగతి పిల్లలకు దారి చెప్పేదెవరు?

రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి ఏటా సుమారు 11 లక్షల మంది పదో తరగతి పరీక్షలు రాస్తారు. ఫలితాలు వచ్చాక ఒకటి రెండు నెలల్లోనే వాళ్లు ఏదో ఒక గ్రూపులోనో, ట్రేడులోనో, బ్రాంచిలోనో చేరిపోవాలి. పదిహేనేళ్ల వయసులో జరిగే ఆ ఎంపిక మీద ముందుముందు ఏం చదవగలరు, ఏం చదవలేరు, ఎక్కడ పనికి కుదురుకుంటారు అన్నవన్నీ ఆధారపడి ఉంటాయి. ఇంత పెద్ద నిర్ణయానికి ముందు ఆ పిల్లతో, ఆమె తల్లిదండ్రులతో కూర్చుని మాట్లాడే బాధ్యత మన ప్రభుత్వ బడిలో ఎవరికీ అప్పగించలేదు. లెక్కల మాస్టారిదీ కాదు, హెచ్ఎందీ కాదు, ఎంఈఓదీ కాదు. ఎక్కడైనా ఒక ఉపాధ్యాయుడు చొరవ తీసుకుని నాలుగు మాటలు చెబుతున్నాడంటే అది ఆయన మంచితనమే.

బడి వదిలేసిన ఆ చోటును కార్పొరేట్ కాలేజీల పీఆర్వోలు ఎప్పుడో ఆక్రమించారు. దసరా సెలవులు ముగిశాయో లేదో పదో తరగతి పిల్లల పేర్లు, తండ్రుల ఫోన్ నంబర్లు చేతులు మారతాయి. సంక్రాంతి దాటాక మనుషులే ఇంటికి వస్తారు. ‘మీ వాడికి లెక్కలు బాగా వచ్చట కదండీ, ఎంపీసీలో వేసేయండి, ఇప్పుడే సీటు రాయించుకుంటే ఫీజులో రాయితీ ఇప్పిస్తాం’ అని చెబుతారు. నోటిఫికేషన్ రాకుండా అడ్మిషన్లు చేపట్టొద్దని ఇంటర్ బోర్డులు ఏటా హెచ్చరిస్తూనే ఉంటాయి. ఏటా అడ్మిషన్లు ముందే అయిపోతూనే ఉంటాయి. చాలా సంస్థలు లెక్చరర్లకే ఇన్ని సీట్లు నింపాలని టార్గెట్లు పెట్టి ఊళ్ల మీదికి పంపుతాయి. లక్షలాది కుటుంబాలకు దొరుకుతున్న కెరీర్ గైడెన్స్ ఇంతే. సలహా ఇచ్చేవాడికి ఆ సీటు నిండితేనే జీతం. ఈ ఏర్పాటును ఇన్నేళ్లుగా సహించడం రెండు రాష్ట్రాల విద్యాశాఖల వైఫల్యం. ఇందులో మెత్తగా చెప్పాల్సిందేమీ లేదు.

తల్లిదండ్రులను తప్పుపట్టడం తేలిక, కానీ న్యాయం కాదు. ఉమ్మడి రాష్ట్రంలో ఎంసెట్ మొదలైంది 1986లో. తొంభైల్లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు వచ్చాయి. 2008లో ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చింది. ఇంజినీరింగ్ కాలేజీలు దాదాపు 700 దాకా పెరిగాయి. ఈ వరుసలో ప్రతి ఊళ్లోనూ ఒక సాక్ష్యం నిలబడింది. ఎకరం పొలం లేని ఇంటి అబ్బాయి బీటెక్ చేసి హైదరాబాద్‌లోనో, బెంగళూరులోనో, డాలస్‌లోనో ఉద్యోగం చేసి అమ్మానాన్నలకు డాబా ఇల్లు కట్టించాడు. ఆ డాబా ఇంటిని ఊరంతా చూసింది. చరిత్ర చదివి, డిజైన్ చదివి, చేనేత సాంకేతికత చదివి ఎదిగిన మనిషిని ఆ ఊరు చూడలేదు. కళ్లముందు ఉన్న ఒకే ఒక రుజువును నమ్మిన కుటుంబాన్ని అజ్ఞానులనడం తప్పు. వాళ్లకు రెండో రుజువు, మూడో రుజువు చూపించాల్సిన బడి చేతులు కట్టుకుని కూర్చుంది.

ఆ ఒక్క రుజువు కూడా ఇప్పుడు అందరికీ పనిచేయడం లేదు. తెలంగాణలో ఇంజినీరింగ్ సీట్లలో సగానికి పైగా కంప్యూటర్ సైన్స్, దాని అనుబంధ బ్రాంచీలవే. సివిల్, మెకానికల్ సీట్లను కాలేజీలు స్వయంగా తగ్గించుకుంటున్నాయి. ఒకే తలుపు దగ్గర అందరూ గుమిగూడితే లోపలికి వెళ్లేది కొందరే. 2024లో నీట్‌కు 24 లక్షల మందికి పైగా దరఖాస్తు చేశారు. దేశం మొత్తం మీద ఎంబీబీఎస్ సీట్లు లక్షా పది వేల పైచిలుకు. అదే ఏడాది ఐఐటీలన్నిటిలో కలిపి బీటెక్ తదితర సీట్లు పద్దెనిమిది వేలకు లోపే. ఈ అంకెలు రహస్యమేమీ కాదు. అయినా బైపీసీలో చేరే పిల్లకు ఎవరూ వీటిని ఎదురుగా పెట్టి, డాక్టరు సీటు రాకపోతే ఇంకా ఏమేం ఉన్నాయో ముందే చెప్పరు. నర్సింగ్, ఫార్మసీ, ఫిజియోథెరపీ, వ్యవసాయ బీఎస్సీ, పశువైద్యం, మత్స్యశాస్త్రం, ఆహార సాంకేతికత, తిరుపతి ఐసర్ వంటి చోట మౌలిక శాస్త్రాలు అన్నీ అదే బైపీసీ నుంచి వెళ్లే దారులే. వాటి పేర్లు ఆ పిల్ల చెవిన పడేది నీట్‌లో ర్యాంకు రాని రోజున. అప్పటికి అవి ఆమెకు దారులుగా కనిపించవు, ఓటమి కింద మిగిలిన ముక్కలుగా కనిపిస్తాయి. సమాచారం అందకపోవడం కన్నా, అందాల్సిన వేళ దాటాక అందడం ఆ వయసు పిల్లలకు ఎక్కువ హాని చేస్తుంది.

పదో తరగతి తర్వాత మన దగ్గర నిజంగా ఎన్ని దారులున్నాయో ఒక్కసారి చూద్దాం. పాలిసెట్ రాస్తే మూడేళ్ల పాలిటెక్నిక్ డిప్లొమా. అది పూర్తిచేసి ఈసెట్ రాస్తే నేరుగా బీటెక్ రెండో సంవత్సరంలో సీటు. ఈ సంగతి కొంతమందికైనా తెలుసు. ఐటీఐ సంగతి అంతకన్నా ఆసక్తికరం. ఫిట్టర్, ఎలక్ట్రీషియన్ వంటి రెండేళ్ల ట్రేడు చదివిన విద్యార్థి బ్రిడ్జి కోర్సు చేసి ఎల్‌పీసెట్ ద్వారా డిప్లొమా రెండో సంవత్సరంలోకి వెళ్లవచ్చు. అక్కడి నుంచి ఈసెట్, ఆపై బీటెక్. అంటే ఐటీఐలో అడుగుపెట్టిన పిల్లవాడికి ఇంజినీరు కావడానికి చట్టబద్ధమైన, ప్రభుత్వమే వేసిన బాట ఉంది. ఐటీఐ అంటే చదువు ఆగిపోవడమేనని కుమిలిపోయే ఎంతమంది తల్లులకు ఈ మాట చెప్పాం? ఇంటర్ వొకేషనల్ చదివినవాళ్లు కూడా బ్రిడ్జి కోర్సు పేపర్లు రాసి పైచదువుల ప్రవేశ పరీక్షలకు వెళ్లవచ్చన్నది మరో సంగతి. వొకేషనల్ సెక్షన్ నడిచే ఊళ్లోనే అది తెలియనివాళ్లున్నారు.

హైదరాబాద్ బాలానగర్‌లో 1968 నుంచి సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ ఉంది. పదో తరగతి పాసైనవాళ్లను తీసుకుని నాలుగేళ్లలో టూల్, డై తయారీలో డిప్లొమా ఇస్తుంది. కారు తలుపు నుంచి సెల్‌ఫోన్ తొడుగు దాకా అచ్చుతో తయారయ్యే ప్రతి వస్తువుకూ ముందు ఒక డై కావాలి. దాన్ని మిల్లీమీటరులో వందో వంతు తేడా లేకుండా చేయగల చేతులు ఎక్కడికెళ్లినా పనికొస్తాయి. విజయవాడ, హైదరాబాద్‌లలో సీపెట్ ప్లాస్టిక్ సాంకేతికతలో మూడేళ్ల డిప్లొమాలు నడుపుతోంది. వెంకటగిరిలో ప్రగడ కోటయ్య పేరు మీద చేనేత సాంకేతిక సంస్థ ఉంది, 2024లో హైదరాబాద్‌లో కొండా లక్ష్మణ్ బాపూజీ పేరుతో మరొకటి మొదలైంది. వ్యవసాయ విశ్వవిద్యాలయాలు, పశువైద్య విశ్వవిద్యాలయాలు రెండేళ్ల డిప్లొమాలు ఇస్తాయి. నూజివీడు, ఇడుపులపాయ, ఒంగోలు, శ్రీకాకుళం, బాసర ట్రిపుల్ ఐటీలు పదో తరగతి మార్కులతోనే ఆరేళ్ల బీటెక్‌లోకి తీసుకుంటాయి; గ్రామీణ పిల్లలకు 2008 నుంచి దొరికిన గొప్ప అవకాశం అది. తెలంగాణ ప్రభుత్వం టాటా టెక్నాలజీస్‌తో కలిసి 65 ఐటీఐలను అధునాతన సాంకేతిక కేంద్రాలుగా మారుస్తోంది. ఆంధ్రప్రదేశ్ ఇంటర్‌లో లెక్కలూ జీవశాస్త్రమూ కలిపి చదివే ఎంబైపీసీ వచ్చింది.

ఇవన్నీ ప్రజాధనంతో నడుస్తున్నవే. ఒకవైపు కోట్లు పెట్టి సంస్థలు కడతాం, ఇంకోవైపు వాటికి వెళ్లాల్సిన పిల్లకు అవి ఉన్నాయని చెప్పే మనిషిని నియమించం. వెంకటగిరిలో మగ్గం నేసే ఇంటి పిల్లవాడు ఊళ్లోనే ఉన్న సంస్థను దాటి, అప్పు చేసి గుంటూరులోనో విజయవాడలోనో రెసిడెన్షియల్ ఎంపీసీలో చేరితే, తప్పు ఆ పిల్లవాడిదా? మగ్గం అతని చేతుల్లో ఉంది, రంగుల రసాయనం అతని ఇంటి తొట్టిలో ఉంది. దాన్నే పెద్ద చదువుగా మార్చుకోవచ్చని చెప్పేవాళ్లు అతనికి తారసపడలేదు. అతను అదే చదవాలని నేననడం లేదు. అతను వద్దనుకుంటే తెలిసి వద్దనుకోవాలి. ఆ స్వేచ్ఛ ఇవ్వలేని బడి చదువు చెప్పిందనడం కష్టం.

ఈ లోటును ఎవరూ గుర్తించలేదా అంటే, గుర్తించి డెబ్బై ఏళ్లు దాటింది. 1952-53లో ముదలియార్ కమిషన్ ఉన్నత పాఠశాలల్లో గైడెన్స్ అధికారులు, కెరీర్ మాస్టర్లు ఉండాలని సిఫార్సు చేసింది. 1954లో కేంద్ర స్థాయిలో విద్యా, వృత్తి మార్గదర్శక బ్యూరో ఏర్పడింది. 1964-66 నాటి కొఠారి కమిషన్ ఇంకా ఆచరణకు దగ్గరగా ఆలోచించింది. ప్రతి బడికీ శిక్షణ పొందిన కౌన్సెలర్ ఉండటం అంతిమ లక్ష్యమని చెప్పి, అంతదాకా కనీసం పది ఉన్నత పాఠశాలలకు ఒక సంచార కౌన్సెలర్‌ను పెట్టమంది, తేలికైన పనుల్లో ఉపాధ్యాయులు ఆయనకు సాయం చేయాలంది. తెలుగు నేలలో ఆ సిఫార్సు బడి గుమ్మం దాకా చేరనేలేదు. 2020 జాతీయ విద్యావిధానం 2025 నాటికి కనీసం సగం మంది విద్యార్థులకు వృత్తివిద్యతో పరిచయం కలగాలని లక్ష్యం పెట్టుకుంది. 19 నుంచి 24 ఏళ్ల భారతీయ శ్రామికుల్లో పద్ధతి ప్రకారం వృత్తివిద్య పొందినవాళ్లు 5 శాతం లోపేనని, దక్షిణ కొరియాలో ఆ లెక్క 96 శాతమని ఆ పత్రమే రాసుకుంది. 2025 వచ్చింది, వెళ్లింది.

అదే 2025 జులైలో సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. విశాఖపట్నంలో నీట్ శిక్షణ తీసుకుంటూ చనిపోయిన ఒక విద్యార్థిని కేసు అది. దేశమంతటికీ వర్తించేలా న్యాయస్థానం ఇచ్చిన మార్గదర్శకాల్లో రెండు మన చర్చకు ముఖ్యం. వంద మంది, అంతకు పైగా విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో అర్హత గల కౌన్సెలర్‌నో, మనస్తత్వ నిపుణుడినో, సామాజిక కార్యకర్తనో పెట్టాలంది. విద్యార్థులకూ తల్లిదండ్రులకూ క్రమబద్ధమైన కెరీర్ కౌన్సెలింగ్ అందించాలంది. ఒక విషాదం మీద విచారణ చేస్తూ న్యాయస్థానం కెరీర్ కౌన్సెలింగ్ దాకా ఎందుకు వెళ్లిందో ఆలోచించాలి. వేరే దారి ఉందని తెలియని పిల్ల మీద పడే ఒత్తిడి ఎలాంటిదో ఆ న్యాయమూర్తులు గ్రహించారు. కార్పొరేట్ జూనియర్ కాలేజీల్లో విద్యార్థుల ఆత్మహత్యల మీద ఉమ్మడి రాష్ట్రంలో నీరదారెడ్డి కమిటీ వేసింది 2001లో. అంటే ఇది మనకు కొత్తగా తెలిసిన సంగతి కాదు. కేసు పుట్టింది మన గడ్డ మీద. తీర్పు అమలులో ముందుండాల్సిందీ మనమే.

ప్రభుత్వాలు ఏమీ చేయలేదనడం సరికాదు. ఆంధ్రప్రదేశ్ పాఠశాల విద్యాశాఖ యునిసెఫ్ తోడ్పాటుతో కెరీర్ పోర్టల్ తెచ్చింది. సమగ్ర శిక్ష కింద కొన్ని బడుల్లో రిటైల్, వ్యవసాయం, కుట్టుపని, ఆటోమొబైల్ వంటి వృత్తి కోర్సులు నడుస్తున్నాయి. దినపత్రికల పాత్రను కూడా గుర్తించాలి. ఈనాడు ప్రతిభ, సాక్షి భవిత వంటి పేజీలు దశాబ్దాలుగా తెలుగు పిల్లలకు జీతం లేని కౌన్సెలర్లుగా పనిచేశాయి. వాటిని కత్తిరించి దాచుకుని ఉద్యోగాల్లో స్థిరపడినవాళ్లు అన్ని జిల్లాల్లోనూ ఉన్నారు. అయితే పోర్టల్‌కూ పేజీకీ ఒక పరిమితి ఉంది. ఏం వెతకాలో ముందే తెలిసినవాడికే అవి ఉపయోగపడతాయి. డిజైన్ అనే చదువు ఒకటుందని తెలియని పిల్ల డిజైన్ అని టైపు చేయదు.

గ్రామీణ యువత మీద చేసిన 2017 అసర్ సర్వే నివేదికలో ఒక అంశం దీన్ని బాగా విడమరిచింది. 14-18 ఏళ్ల పిల్లలను ఏం కావాలనుకుంటున్నారని అడిగారు. అబ్బాయిల్లో ఎక్కువ మంది సైన్యం, పోలీసు అన్నారు, అమ్మాయిలు టీచరన్నారు. ఆ ఉద్యోగంలో ఎవరిని ఆదర్శంగా చూస్తున్నారని అడిగితే దాదాపు 40 శాతం మంది ఒక్క మనిషినీ చెప్పలేకపోయారు. ఇక్కడే పట్నం మధ్యతరగతి ఇంటికీ పల్లె కూలి ఇంటికీ తేడా వస్తుంది. మొదటి ఇంట్లో బాబాయి బ్యాంకులో ఉంటాడు, అత్త లాయరు, పక్కింటి అంకుల్ ఆర్కిటెక్టు. ఆ ఇంట్లో గైడెన్స్ భోజనాల దగ్గర మాటల్లోనే అందుతుంది. రెండో ఇంట్లో పిల్లకు తెలిసిన ఉద్యోగులు టీచరమ్మ, ఏఎన్ఎం, పోలీసు, వీఆర్వో. ఈ అంతరాన్ని వెబ్‌సైటు తీర్చలేదు. ఆ పని చేసే మనిషి తరగతి గదిలోకి రావాలి, లేదా పిల్లలే ఆ పని జరిగే చోటికి వెళ్లాలి.

వెళ్లేది ఎప్పుడన్నదీ ముఖ్యమే. పదో తరగతి వేసవిలో ఒక పూట సదస్సు పెట్టి, ఫ్లెక్సీ కట్టి, బ్రోచర్లు పంచి గైడెన్స్ అయిందనుకోవడం మనకు అలవాటు. లిండా గాట్‌ఫ్రెడ్‌సన్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త 1981లోనే ఒక సిద్ధాంతం చెప్పారు. ఆరు నుంచి ఎనిమిదేళ్ల వయసులో పిల్లలు ‘ఇది ఆడవాళ్ల పని, ఇది మగవాళ్ల పని’ అని కొన్నిటిని కొట్టేస్తారు. తొమ్మిది నుంచి పదమూడేళ్ల మధ్య ‘ఇది మన స్థాయికి కాదు’ అని ఇంకొన్నిటిని కొట్టేస్తారు. తమ ఇష్టాలేమిటో, సామర్థ్యాలేమిటో ఆలోచించేసరికి జాబితాలో చాలా పేర్లు మిగలవు. ఇక్కడి కులం, ఇక్కడి కట్టుబాట్లు కలిస్తే ఆ కొట్టివేతలు ఇంకెంత తొందరగా, ఇంకెంత గట్టిగా జరుగుతాయో మన ఊళ్లు తెలిసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. అందుకే పని మొదలుపెట్టాల్సింది ఎనిమిదిలో, వీలైతే ఆరులో. పదో తరగతిలో స్లిప్ టెస్టులు, గ్రాండ్ టెస్టులు, ఉదయం సాయంత్రం ప్రత్యేక తరగతుల మధ్య పిల్లలకు ఊపిరే ఆడదు. అప్పుడు వాళ్లను నీకేమిష్టం అని అడగడం వట్టి తంతు.

బడి చేయాల్సింది చేయనప్పుడు ఆ అవసరం మీద వ్యాపారాలు పుడతాయి. పట్టణాల్లో ఇప్పుడు వేల రూపాయలు తీసుకుని పిల్లల వేలిముద్రలు స్కాన్ చేసి ఇంజినీరవుతాడా డాక్టరవుతాడా చెబుతామనే డీఎంఐటీ పరీక్షలు అమ్ముతున్నారు. వేలి గీతలకూ తెలివితేటలకూ సంబంధం ఉందనడానికి శాస్త్రీయ ఆధారం లేదు. ఇలాంటి వాటిని బడుల ఆవరణలోకే రానివ్వకూడదు. శాస్త్రీయంగా రూపొందిన అభిరుచి పరీక్షలకు సైతం ఒక్క పూట ఫలితంతో పిల్ల తలరాత తేల్చే హక్కు లేదు. అవి మాట మొదలుపెట్టడానికి సాధనాలు, అంతకు మించి కాదు.

ఆడపిల్లల విషయం విడిగా చెప్పకపోతే ఈ చర్చ అసంపూర్ణం. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 20-24 ఏళ్ల మహిళల్లో పద్దెనిమిదేళ్లు నిండకముందే పెళ్లయినవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం, తెలంగాణలో 23.5 శాతం. పదో తరగతికీ పెళ్లికీ మధ్య దూరం ఎంత తక్కువో ఈ అంకెలు చెబుతున్నాయి. తర్వాత ఏం చదువుతుంది, ఎక్కడ ఉంటుంది, ఎంత ఖర్చవుతుంది, ఎప్పటికి సంపాదిస్తుంది అన్న ప్రశ్నలకు జవాబు దొరకని ఇంట్లో సంబంధాలు చూడటం మొదలవుతుంది. కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాల (కేజీబీవీ) చదువును ఇంటర్ దాకా పొడిగించడం అందుకే అంత మేలు చేసింది. గురుకులంలో సీటు, కాలేజీ హాస్టల్, స్కాలర్‌షిప్ తేదీలు, బస్సు పాసు, ఇవన్నీ కూర్చోబెట్టి ఒక కాగితం మీద రాసి తండ్రి చేతిలో పెట్టే మనిషి ఉంటే కొన్ని పెళ్లిళ్లు ఆగుతాయి. గైడెన్స్‌ను ఉద్యోగాల సమాచారంగా మాత్రమే చూసేవాళ్లు ఈ కోణాన్ని చూడటం లేదు.

తప్పినవాళ్ల సంగతీ అంతే. 2025లో ఆంధ్రప్రదేశ్‌లో పదో తరగతి ఉత్తీర్ణత 81.14 శాతం. అంటే దాదాపు అయిదో వంతు మంది ఆ రోజున ఫెయిల్ అన్న ముద్రతో ఇంటికి వెళ్లారు. కొద్ది వారాల్లోనే సప్లిమెంటరీ ఉందని, సార్వత్రిక విద్యాపీఠం ద్వారా మళ్లీ చదవొచ్చని, వెల్డర్, వైర్‌మన్, కార్పెంటర్ వంటి ట్రేడులకు ఎనిమిదో తరగతి పాసైతే చాలని వాళ్లకు ఆ వారంలోనే చెప్పాలి. అందరికన్నా ముందు కౌన్సెలర్ తలుపు తట్టాల్సింది వాళ్ల ఇంటిదే.

ఇక్కడ ఒక బలమైన అభ్యంతరం ఉంది, దాన్ని తప్పించుకోకూడదు. కెరీర్ గైడెన్స్ పేరుతో పేదపిల్లలను ఐటీఐలకు, నైపుణ్య శిక్షణలకు తోసేసి, ఇంజినీరింగ్, వైద్యం, సివిల్స్ మాత్రం ఉన్నవాళ్లకు ఉంచుతారా అని దళిత, బహుజన కుటుంబాలు అడుగుతున్నాయి. ఆ అనుమానం న్యాయమైనది. తరతరాలుగా చేతివృత్తికి కట్టిపడేసిన సమాజంలో ‘నీకు ఇదే బాగుంటుంది’ అనే సలహా వినగానే చెవులు నిక్కబొడుచుకోవాలి. అందుకే రెండు షరతులు పెట్టుకోవాలి. ఒకటి, మార్గదర్శకుడు ఎవరికీ దారి మూయకూడదు. తక్కువ మార్కులొచ్చిన పిల్ల డాక్టరవుతానంటే దానికి ఏం కావాలో, ఎంత కాలం పడుతుందో, ఎంత ఖర్చో చెప్పాలే తప్ప వద్దనకూడదు. రెండు, ఐటీఐ నుంచి బీటెక్ దాకా, వొకేషనల్ నుంచి డిగ్రీ దాకా ఉన్న వంతెనలు కాగితం మీద కాక నిజంగా నడవాలి. సీట్లు, బోధనారుసుములు, బ్రిడ్జి తరగతులు అందుబాటులో ఉండాలి. ఏ చదువు వెంట అయినా పైకి వెళ్లొచ్చన్న హామీ లేనిదే వృత్తివిద్యను పేదలకు సిఫార్సు చేసే నైతిక హక్కు ఎవరికీ లేదని నా అభిప్రాయం. ఆ సలహాను అధికారుల పిల్లలు చదివే బడుల్లోనూ అంతే గట్టిగా చెప్పాలి.

బయటి దేశాల నుంచి తెలుసుకోవాల్సింది కొంత ఉంది. ఫిన్లాండ్‌లో ఏడు నుంచి తొమ్మిదో తరగతి దాకా మార్గదర్శనం ఒక పాఠ్యాంశం, మూడేళ్లలో 76 గంటలు దానికి కేటాయిస్తారు, అర్హత గల కౌన్సెలర్ చెబుతాడు. ఇంగ్లండ్‌లో జాన్ హోల్మన్ రాసిన 2014 నాటి గాట్స్‌బీ నివేదిక మంచి గైడెన్స్‌కు ఎనిమిది ప్రమాణాలు పెట్టింది. పదహారేళ్లలోపు ప్రతి విద్యార్థికీ కనీసం ఒకసారి ముఖాముఖి సలహా అందాలని, పని జరిగే చోట్లను చూడాలని, పాఠాలకు వృత్తులతో ముడి వేయాలని అందులో ఉంది. వాటికయ్యే ఖర్చు మనవల్ల అయ్యేది కాదని అనుకోనక్కర్లేదు. ఆ ఎనిమిదింటిలో ఎక్కువ భాగానికి కావాల్సింది సమయపట్టికలో చోటు, బాధ్యత తీసుకునే మనిషి.

మన పరిస్థితుల్లో ఏం చేయవచ్చు? రెండు రాష్ట్రాల్లో కలిపి మండలాలు సుమారు 1,300. చాలా మండలాల్లో ప్రభుత్వ ఉన్నత పాఠశాలలు పదికి అటూఇటుగా ఉంటాయి. కొఠారి కమిషన్ చెప్పిన సంచార కౌన్సెలర్‌కు మండలమే సహజమైన పరిధి. మండలానికి ఒకరు చొప్పున 1,300 పోస్టులు రెండు రాష్ట్రాల విద్యాబడ్జెట్లకు మోయలేని బరువేమీ కాదు. ఎన్‌సీఈఆర్‌టీ ఏళ్లుగా గైడెన్స్, కౌన్సెలింగ్‌లో డిప్లొమా నడుపుతోంది. ఆరు నెలలు దూరవిద్య, మూడు నెలలు తరగతులు, మూడు నెలలు క్షేత్ర శిక్షణ. ఆసక్తి ఉన్న స్కూల్ అసిస్టెంట్లను జీతంతో డెప్యుటేషన్ మీద ఆ కోర్సుకు పంపితే రెండు మూడేళ్లలో మనుషులు తయారవుతారు. ఎనిమిది, తొమ్మిది తరగతుల్లో వారానికి ఒక పీరియడ్ దీనికి రాసి పెట్టాలి, ఆ పీరియడ్‌ను లెక్కలకో సైన్స్‌కో లాక్కోకుండా హెచ్ఎం చూడాలి.

పని జరిగే చోట్లు ప్రతి మండలంలోనూ ఉన్నాయి. సబ్‌స్టేషన్, పశువైద్యశాల, రైస్ మిల్లు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోని ల్యాబ్, రొయ్యల చెరువు, గ్రానైట్ యూనిట్, సహకార బ్యాంకు, కోర్టు, ఆర్టీసీ డిపో. జాతీయ విద్యావిధానం ఆరు నుంచి ఎనిమిది తరగతుల వాళ్లకు పుస్తకాల సంచి లేని పది రోజులు ఉండాలంది. ఆ పది రోజులను ఇక్కడికి మళ్లించవచ్చు. భీమవరం దగ్గర బడి పిల్ల చెరువు నీటిలో లవణీయత కొలిచే టెక్నీషియన్‌ను ఒక పూట చూస్తే రసాయన శాస్త్రం ఎందుకు చదువుతున్నామో ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఊరి నుంచి వెళ్లి రకరకాల పనుల్లో స్థిరపడిన పూర్వవిద్యార్థులను, బయటి దేశాల్లో ఉన్నవాళ్లతో సహా, సంక్రాంతికి ఊరొచ్చినప్పుడు బడికి పిలవాలి. బడికి రంగులు వేయించి, బెంచీలు కొనిచ్చే పూర్వవిద్యార్థులు చాలామంది ఉన్నారు. వాళ్లు తమ పని గురించి ఒక గంట నిజాయతీగా మాట్లాడటం అంతకన్నా విలువైన కానుక.

తల్లిదండ్రులను పక్కన పెట్టి చేసే ఏ గైడెన్సూ ఇక్కడ నిలవదు, ఎందుకంటే గ్రూపు ఎంచేది చాలా ఇళ్లలో వాళ్లే. ఆంధ్రప్రదేశ్‌లో 2024 డిసెంబరు నుంచి మెగా పేరెంట్ టీచర్ సమావేశాలు జరుగుతున్నాయి. తొమ్మిదో తరగతి తల్లిదండ్రులకు ఆ సమావేశంలో ఒక గంట దీనికే కేటాయించాలి, తెలుగులో, ఉర్దూలో, ఏజెన్సీలో వాళ్ల భాషలో. ఏ కోర్సుకు ఎంత ఫీజు, ఎంత రీయింబర్స్‌మెంట్, ఏ తేదీలోగా దరఖాస్తు, కిందటేడు మన బడి నుంచి ఎవరు ఎక్కడ చేరారు అన్న వివరాలు ఒకే పేజీలో చేతికివ్వాలి. దానితో పాటు విద్యార్థుల ఫోన్ నంబర్లు బడి నుంచి బయటికి పొక్కితే బాధ్యులపై చర్య ఉండాలి. నోటిఫికేషన్‌కు ముందే సీట్లు అమ్మే కాలేజీ అఫిలియేషన్ మీద వేటు పడాలి, హెచ్చరికలతో ఈ పని ఆగలేదని ముప్పై ఏళ్లుగా చూస్తున్నాం.

ఒక మాట ఒప్పుకోవాలి. దారి చెప్పినంతమాత్రాన దారి ఏర్పడదు. పాడేరు దగ్గరి పిల్లకు ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు గురించి ఎంత చక్కగా చెప్పినా, ఆ కోర్సు ఉన్న కాలేజీ నుంచి సాయంత్రం ఇంటికి బస్సు లేకపోతే, హాస్టల్లో సీటు లేకపోతే అది చెప్పినట్టు కాదు. నిజం చెప్పే కౌన్సెలర్ వ్యవస్థ ఈ లోటులను కూడా బయటపెడుతుంది. ఏ మండలంలో ఎంతమంది ఏం చదవాలనుకున్నారు, ఎందుకు చదవలేకపోయారు అన్న లెక్క ఏటా జిల్లా కలెక్టరు బల్ల మీదికి వస్తుంది. ఇప్పుడు అలాంటి లెక్క ఎవరి దగ్గరా లేదు.

రెండు ప్రభుత్వాలూ వచ్చే బడ్జెట్‌లోనే ఈ పోస్టులను మంజూరు చేయాలి. సుప్రీంకోర్టు ఆదేశం ఉంది, విద్యావిధానం ఉంది, శిక్షణ ఇచ్చే సంస్థ ఉంది. ఇప్పుడు తొమ్మిదో తరగతి చదువుతున్న పిల్లల చేతిలో ఉన్నది ఒక్క ఏడాదే. పీఆర్వో ఇంటి తలుపు తట్టకముందే బడి తరఫున ఒక మనిషి ఆ ఇంటికి వెళ్లి మాట్లాడాలి. తల్లిదండ్రులు, ఉపాధ్యాయ సంఘాలు, ప్రజాప్రతినిధులు ఈ ఒక్క కోరికను ఈ ఏడాదే గట్టిగా అడగాలి.